ఎడమచేతి వాళ్ళ ఊరు

పాత పుస్తకాల దగ్గర ఉద్యోగం అనగానే జనం నా వైపు జాలిగా చూస్తారు. దుమ్ము, దగ్గు, నిశ్శబ్దం, కళ్ళజోడు. కళ్ళజోడు మాట నిజమే. మిగిలినవి కావు. ఎడ్మంటన్‌లో ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో, అరుదైన పుస్తకాల విభాగంలో పనిచేసినంత కాలం నాకు దుమ్ము కన్నా ఎక్కువగా తారసపడినవి కోతులు, మేకలు, తోకలు మెలేసుకున్న డ్రాగన్లు, బొద్దుగా బట్టల్లేకుండా తిరిగే రెక్కల పిల్లలు. ఇవన్నీ అక్షరాల్లో కాపురం ఉండేవి.

యూరప్‌లో మూడు నాలుగు వందల ఏళ్ళ కిందట అచ్చయిన పుస్తకం ఏదైనా తెరిచి చూడండి. అధ్యాయం మొదలయ్యే చోట తొలి అక్షరం మిగతా వాటికన్నా ఎంతో పెద్దదిగా, ఒక చదరపు గడిలో, వెనక ఏదో ఒక బొమ్మతో కనిపిస్తుంది. ఆ గడిలో ఎవరో చెట్టెక్కుతుంటారు, ఎవరో చేపలు పడుతుంటారు, ఎవరో పన్ను పీకించుకుంటుంటారు. ఆ అక్షరాలను చూసి, వర్ణించి, ఏది ఏ అచ్చుకూటం నుంచి వచ్చిందో తేల్చి కేటలాగులో ఎక్కించడం నా పని.

ఇప్పుడీ పనిలోకి వస్తున్న పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఆ బొమ్మకి మీనింగ్ ఏంటి ఆంటీ?" ఆ ప్రశ్న కోసమే ఇది రాస్తున్నాను. జవాబు అందరికీ నచ్చకపోవచ్చు.

ఒక హెచ్చరిక. నాకు కథలు అల్లే జబ్బుంది. చూడడానికి వచ్చిన స్కూలు పిల్లలకు, గదిలో తేమ తగ్గితే అక్షరాలు దగ్గుతాయని చెప్పేదాన్ని. ఎం అక్షరంలోని కోతి, చేతులు కడుక్కోకుండా వచ్చినవాళ్ళకు కన్ను కొడుతుందని చెప్పాను. మర్నాడు ఒక పెద్దాయన, ఆ పిల్లల్లో ఒకడి తాతగారట, వచ్చి ఆ కోతిని చాలాసేపు చూసి, వాష్‌రూమ్ ఎక్కడో కనుక్కుని వెళ్ళాడు. మా ఆయన రామ్మోహన్ ఆయిల్ కంపెనీలో ఇంజనీరు. ఇంటికొచ్చిన వాళ్ళతో, "సుభద్ర చెప్పినదాంట్లో సగం తీసెయ్యండి, మిగతా సగం గురించి నన్నడగండి" అంటారు. నా గురించి ఈ సంగతి మీరు గుర్తుంచుకోవాలి. ముందు ముందు దాంతో పనిపడుతుంది.

మేకకి ఏం అభిప్రాయం?

హైదరాబాదులో ఫైన్ ఆర్ట్స్ చదివినప్పుడు నా విభాగం ప్రింట్ మేకింగ్. రాగి రేకు మీద బొమ్మ చెక్కి, సిరా పట్టించి, కాగితం మీదికి దించడం. పెళ్ళయి ఇక్కడికొచ్చాక ఆ చదువు చూసి ఉద్యోగమిచ్చే నాథుడెవడూ దొరక్క లైబ్రరీ సైన్స్ చదివాను. నన్ను పనిలోకి తీసుకున్నది మార్గరెట్. పొట్టి మనిషి, పొట్టి మాటలు. స్కాటిష్ పూర్వీకుల నుంచి ఆమెకు దక్కిన ఆస్తి అనుమానం ఒక్కటే.

నా మొదటి ఏడాదిలో ఒక మతప్రసంగాల పుస్తకం వచ్చింది. తొలి అక్షరంలో ఒక మేక నుంచుని ఫిడేలు వాయిస్తోంది. ఇక నేను ఆగుతానా? మేకంటే కామం, ఫిడేలంటే డంబం, అంటే అచ్చువేసినవాడు ఆ పాదిరీగారిని లోపల్లోపల వెక్కిరిస్తున్నాడు. ఇలా పేజీ నిండా రాసి మార్గరెట్ బల్ల మీద పెట్టాను. ఆమె చదివింది. లోపలికెళ్ళి ఒక గుర్రాల వైద్యం పుస్తకం, ఒక చట్టాల పుస్తకం, ఒక మిఠాయిల పుస్తకం తెచ్చి నా ముందు తెరిచి పెట్టింది. అన్నింటిలోనూ అదే మేక. అదే ఫిడేలు. కొమ్ము పక్కన అదే పగులు.

"సుభద్రా, పాకం పట్టడం గురించి ఈ మేకకి ఏం అభిప్రాయం ఉందంటావ్?" అంది.

ఆ మేకను చెక్కినది చెక్క దిమ్మ మీద. చెక్క దిమ్మను మామూలు సీసపు అక్షరాల పక్కనే బిగించి, ఒక్క దెబ్బలో అచ్చువేయొచ్చు. కాబట్టి ప్రతి అచ్చుకూటంలోనూ అలాంటి దిమ్మలు ఒక పెట్టెనిండా ఉండేవి. అధ్యాయం ఏ అక్షరంతో మొదలైతే ఆ దిమ్మ తీసి బిగించేవారు. లోపల మేకుందా, దేవదూత ఉన్నాడా అని చూసే తీరిక ఎవరికి? ఆ దిమ్మలను అరువిచ్చుకునేవారు, అమ్ముకునేవారు, తండ్రి నుంచి కొడుక్కి వచ్చేవి. ఒక్కోసారి పవిత్ర గ్రంథంలో కూడా ఏ గ్రీకు శృంగార కథలోని బొమ్మో వచ్చి కూర్చునేది. పాపం, చదివే భక్తుడు ఏమనుకున్నాడో.

కానీ మేక నాకు వేరే మేలు చేసింది. కొమ్ము పక్కన పగులు చట్టాల పుస్తకంలో వెంట్రుకంత సన్నగా ఉంది, మిఠాయిల పుస్తకంలో దారమంత ఉంది. చెక్క వాడుకలో పగులుతుంది, పగిలింది అతుక్కోదు. అంటే ఏ పుస్తకం ముందు, ఏది వెనక అన్నది మేక చెప్పేసింది. అర్థం చెప్పమంటే చెప్పలేదు గాని, వయసు అడిగితే దాచుకోలేదు.

ఆ రోజు మార్గరెట్ చెప్పిన సూత్రం ఇది: ముందు కనిపించేది రాయి. అర్థం తరవాత వస్తుంది. రాకపోతే పుస్తకం ఏమీ అనుకోదు.

అలాగని బొమ్మలకు అర్థమే లేదనుకుంటే అదీ తప్పే. కొందరు ముద్రాపకులు డబ్బు పోసి, ఒకే పుస్తకం కోసం ప్రత్యేకంగా అక్షరాలు చేయించారు. వైద్య గ్రంథాల్లో రెక్కల పిల్లలు విరిగిన కాళ్ళు సరిచేస్తూ, కపాలాలు ఉడకబెడుతూ కనిపిస్తారు. అది కాకతాళీయం కాదు. మధ్యలో కొన్నాళ్ళు మాకొక బాసు ఉండేవాడు. ఏ అక్షరం చూపించినా "అలంకారం" అని ఒక్క ముక్క రాసి పంపేవాడు. పెళ్ళి విందుకెళ్ళొచ్చి ఏం తిన్నావంటే "ఆహారం" అనే రకం. ఒకప్పుడు నేనే అన్నింటికీ అర్థం చెప్పినదాన్ని, దేనికీ అర్థం లేదనేవాడి దగ్గర పనిచేసినదాన్ని కనుక చెబుతున్నాను: ఇద్దరికీ పుస్తకం తెరవాల్సిన అవసరం ఉండదు.

రాగి రేకు వేరే జాతి

చెక్క సంగతి అది. రాగి రేకు మీద చెక్కిన అక్షరం వేరు. చెక్కలో పైకి ఉబికిన భాగం సిరా పట్టుకుంటుంది, రాగిలో లోపలికి తెగిన గీత పట్టుకుంటుంది. ఆ సిరాను గీతలోంచి కాగితం మీదికి లాగాలంటే రోలర్ల మధ్య గట్టిగా నొక్కాలి. మామూలు అచ్చుయంత్రం దానికి పనికిరాదు. అందుకని ముందు పేజీ అంతా అచ్చువేసి, పెద్ద అక్షరం ఉండాల్సిన చోట ఖాళీ వదిలి, అదే కాగితాన్ని రెండోసారి రోలర్ యంత్రంలో పెట్టి ఆ ఖాళీలో అక్షరం దించేవారు. రెండు పనులు, ఇద్దరు పనివాళ్ళు, రెట్టింపు చాకిరీ. అందుకే అలాంటి అక్షరాలు ఒక్కోసారి కాస్త వంకరగా కూర్చుంటాయి. వేలితో తడిమితే చుట్టూ రేకు అంచు నొక్కిన పల్లం తగులుతుంది. ఆ పల్లాన్ని మొదటిసారి తడిమినప్పుడు నాకు కలిగిన సంతోషం మా ఆయనకు చెబితే, "పల్లం దొరికిందని ఇంత ఆనందమా? మా సైటుకి రా, బోలెడున్నాయి" అన్నారు.

ఇంత శ్రమపడి రాగి అక్షరాలు చేయించారంటే, వాటిలో బొమ్మల్ని ఎంచి పెట్టించారని అనుకోవడంలో న్యాయముంది. ప్రణవ్ అలాగే అనుకున్నాడు.

ప్రణవ్ పట్టుకున్న వెక్కిరింత

ప్రణవ్ వరంగల్ కుర్రాడు. అమెరికాలో మాస్టర్స్ చేసి, అక్కడ వీసా తేలక ఇటొచ్చాడు. మా విభాగంలో కాంట్రాక్టు మీద చేరాడు. అందరి ముందు నన్ను "సుభద్ర" అనేవాడు, అది ఇక్కడి ఆఫీసు మర్యాద. ఇద్దరమే ఉన్నప్పుడు "ఆంటీ". కళ్ళు మాత్రం పాదరసం. నేను సగం పేజీ చూసేలోగా అతను ఆ పేజీలో ఈగ ఎక్కడుందో చెప్పేవాడు.

ఆ ఏడాది వసంతంలో విభాగంలో ఒక పర్మనెంట్ పోస్టు పడింది. అప్లై చేసినవాళ్ళు కమిటీ ముందు ఒక ప్రసంగం ఇవ్వాలి. కమిటీలో మార్గరెట్, మానవ వనరుల విభాగం నుంచి ఒకావిడ, కళాచరిత్ర ప్రొఫెసర్ ఇయాన్. ఇయాన్‌కి మర్యాద ఎక్కువ. "చాలా ఆసక్తికరంగా ఉంది" అంటూ మనిషిని నిలువునా చీల్చేవాడు.

"ఇది రాకపోతే కాంట్రాక్టు అయిపోతది ఆంటీ, దాంతోటే పర్మిట్ కూడా" అన్నాడు ప్రణవ్. "పీఆర్‌కి అప్లై చేసి ఈడనే ఉండిపోదామంటే చేతిల జాబ్ ఉండాలె. మళ్ళా సూట్‌కేస్ సర్దుడే."

అతను ప్రసంగానికి ఎంచుకున్నది పదిహేడో శతాబ్దపు లాటిన్ వైద్య గ్రంథం. రాగి అక్షరాలు. ప్రతి అధ్యాయానికీ ఒక అక్షరం, ప్రతి అక్షరంలోనూ పొడుగు అంగీ వేసుకున్న వైద్యుడు రోగికి ఏదో ఇస్తూ ఉంటాడు: సీసా, మాత్ర, గిన్నె. ప్రణవ్ ఒకరోజు ఆ పుస్తకాన్ని నా ముందు పెట్టి, గొంతు తగ్గించి అన్నాడు:

"ఏ చేత్తోటి ఇస్తుండో చూడండి."

చూశాను. ఎడమచేత్తో. పేజీ తిప్పాడు. మళ్ళీ ఎడమచేయి. ఇంకో అధ్యాయం. ఎడమే.

"ఎవడైనా మందు ఎడమచేత్తో ఇస్తడా ఆంటీ? మనింట్ల ఎవరికన్నా గ్లాసుడు నీళ్ళు ఎడమచేత్తో ఇచ్చి చూడండి, ఏమంటరో. వీళ్ళ దగ్గర కూడా ఎడమచేయంటే అపశకునమే, లాటిన్‌ల ఆ మాటకే అర్థం చెడ్డది. చెక్కినోడికి ఈ డాక్టరంటే పడదు. పుస్తకమంతా కూసోబెట్టి అవమానం చేసిండు, డాక్టర్‌కి తెల్వకుండ!"

నిజం చెప్పొద్దూ, నాకు ఈర్ష్య కలిగింది. ఇంత మంచి కథ నేనెందుకు అల్లలేకపోయాను? ఆ సాయంత్రం ఇంటికెళ్ళే బస్సులో కూడా ఆ అక్షరాలనే తలుచుకుంటూ కూర్చున్నాను. మర్నాడు పొద్దున్నే వెళ్ళి పుస్తకం మళ్ళీ తెరిచాను. ఈసారి వైద్యుణ్ణి వదిలేసి వెనకున్న జనాన్ని చూశాను.

వెనక ఫిడేలు వాయిస్తున్నవాడు కమాను ఎడమచేత్తో పట్టుకున్నాడు. లెక్క రాసుకుంటున్న దుకాణదారు కలం ఎడమచేతిలో ఉంది. కావలివాడి కత్తి కుడి తుంటికి వేలాడుతోంది. కుడిచేత్తో దూసేవాడు కత్తిని ఎడమ పక్కనే కట్టుకుంటాడు. వైద్యుడొక్కడే కాదు, ఊరు ఊరంతా ఎడమచేతి వాళ్ళే.

అలాంటి ఊరు భూమ్మీద ఉండదు. అద్దంలో ఉంటుంది.

ఇదీ కోతి కథేనా?

రాగి మీద చెక్కింది కాగితం మీద తిరగబడి పడుతుంది. కుడి ఎడమవుతుంది. అక్షరం సరిగ్గా రావాలంటే దాన్ని తిప్పి చెక్కాలి. బొమ్మనూ తిప్పి చెక్కాలి, కానీ నమూనా బొమ్మ ఒకటి పక్కన పెట్టుకుని చూసినది చూసినట్టు దించేస్తే, కాగితం మీద అందరూ ఎడమచేతి వాళ్ళయిపోతారు. అంతే జరిగింది. వెక్కిరింతా లేదు, అవమానమూ లేదు, పగా లేదు.

ప్రణవ్‌కి చెప్పాను. అతను నా మొహంలోకి చూసి నవ్వాడు.

"ఆంటీ, ఇది కూడా కోతి కన్ను కొట్టుడు లాంటిదేనా?"

"కాదు బాబూ, నిజం."

"మొన్న చలికి క్యూ అక్షరం తోక రాలిపడ్డదని కూడా గిట్లనే చెప్పిన్రు. నేను నేల మీద ఎతికిన."

"అది నీ తప్పు."

"ప్రింట్ రివర్స్ అయితదని నాకు తెల్వదా? తెలుసు. కానీ అక్షరాన్ని అంత కరెక్టుగా తిప్పినోడు, బొమ్మను తిప్పుడు మర్చిపోతడా? ఒకే రేకు మీద? ఒకే మనిషి?"

ప్రశ్న న్యాయమైనదే. నా దగ్గర జవాబుంది, నా మాటకు విలువ లేదు. జీవితమంతా సరదాకి అల్లిన కథలన్నీ వరసగా వచ్చి నా పక్కన నిలబడి పళ్ళికిలించాయి. వాదించి లాభం లేదనిపించింది.

"శనివారం భోజనానికి రా" అన్నాను. "తరవాత చిన్న పనుంది."

కందిపప్పు దిండు, పాస్తా మెషిన్

శనివారం మధ్యాహ్నం. ఇక్కడి వసంతం కనుక బయట మంచు పడుతోంది. గుత్తివంకాయ తిని చేతులు కడుక్కున్నాక, కాలేజీ రోజుల నాటి పెట్టె దించాను. అరచేతిలో పట్టే పల్చటి రాగి రేకు, చెక్కే ఉలి. ఈ ఉలిని సుత్తితో కొట్టరు. పిడిని అరచేతిలో పెట్టుకుని ముందుకు నెడతారు. రేకు కింద ఇసుక నింపిన తోలు దిండు ఉంటే దాన్ని ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. దిండు దొరకలేదు కనుక ఒక గుడ్డసంచిలో కందిపప్పు పోసి మూతి కుట్టాను.

"ఆర్ అక్షరం చెక్కు" అన్నాను. "వెనకాల ఈ ఫొటోలోది గీయి." గోడ మీంచి తీసిన ఫొటో. మా అత్తగారు మా ఆయనకు లడ్డూ పెడుతున్నారు, కుడిచేత్తో.

"ఏం జూసి చెక్కాలె, ఎట్ల చెక్కాలె?"

"నీ ఇష్టం. నేను మాట్లాడను."

"మీరు మాట్లాడకుండ ఉంటరా?" అన్నాడు అనుమానంగా.

"అది నేను కూడా చూడాలి" అన్నారు మా ఆయన, కాఫీ పట్టుకుని కుర్చీ లాక్కుంటూ.

ప్రణవ్ ముందు కాగితం మీద ఆర్ గీసి, వెనక్కి తిప్పి కిటికీ అద్దానికి ఆనించి చూసుకుని, తిరగబడ్డ ఆర్‌ని జాగ్రత్తగా రేకు మీద గుర్తుపెట్టుకున్నాడు. చెక్కడం మొదలెట్టాడు. ఉలి జారింది. మళ్ళీ జారింది. కుడి బొటనవేలు ఎర్రబడింది. తిట్టుకున్నాడు. అక్షరం ఎలాగో అయ్యాక ఫొటోను ఎదురుగా పెట్టుకుని మా అత్తగారి పనిబట్టాడు. ఇక ఈ లోకంలో లేడు. మేం కాఫీ తాగాం, రెండోసారి కూడా పెట్టుకున్నాం, అతనిది చల్లారిపోయింది.

అప్పుడు చూశాను. ఉలి జారడం లేదు. గీతలు మెత్తగా, వెన్నలో చెంచా నడిచినట్టు నడుస్తున్నాయి. ఉలి ఎడమచేతిలో ఉంది.

మా ఆయన నోరు తెరవబోతుంటే కాలు తొక్కాను.

ఇంట్లో అచ్చుయంత్రం లేదు. పాస్తా మెషిన్ ఉంది. రోలర్లు రోలర్లే కదా. రేకుకి సిరా పట్టించి తుడిచి, తడి కాగితం కప్పి, పైన పాత ఉన్ని గుడ్డ పెట్టి హేండిల్ తిప్పాను.

"దాంట్లో ఇంకెప్పుడూ నాకు పాస్తా చెయ్యకు" అన్నారు మా ఆయన.

కాగితం విప్పాం. ఆర్ చక్కగా, సరిగ్గా ఉంది. వెనక మా అత్తగారు లడ్డూ పెడుతున్నారు. ఎడమచేత్తో.

ప్రణవ్ ఫొటో చూశాడు, కాగితం చూశాడు. మళ్ళీ ఫొటో.

"అరే" అన్నాడు. కాగితం బల్ల మీద పెట్టి, "అక్షరం తప్పయితే అందరూ నవ్వుతరని తిప్పిన. మనిషి... మనిషి గుర్తుకే రాలే."

"చెక్కినవాడికీ అంతే" అన్నాను.

"అయితే నా ప్రసంగం మొత్తం..." అన్నాడు. ప్రసంగం వచ్చే వారం. చేతిలో ఉన్నది పోయింది, కొత్తది లేదు. మా ఆయన ఇక ఉండబట్టలేకపోయారు.

"ఇంతకీ నువ్వు ఎడమచేతి వాటమా బాబూ?"

ప్రణవ్ తన చేతిలోని ఉలిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. "చిన్నప్పుడు అంకుల్. నానమ్మ ఎడమచేతికి గుడ్డ చుట్టేది, తినేటప్పుడు, రాసేటప్పుడు. మారిపోయిన అనుకున్న."

ఆ పుస్తకంలో చేతులు మా అందరికన్నా ముందు అతనికే ఎందుకు కనిపించాయో అప్పుడు తెలిసింది నాకు.

ఫుట్‌నోట్‌లో దాక్కున్న అక్షరం

ఇక్కడ మీకు ఒక మాట గట్టిగా చెప్పాలి. ప్రణవ్ రాసుకున్న ప్రసంగంలో ఒక ఫుట్‌నోట్ ఉంది: చివరి అధ్యాయంలోని ఎస్ అక్షరంలో మాత్రం వైద్యుడు కుడిచేత్తో ఇస్తున్నాడు, ఇది మినహాయింపు. అంతే. ఎంతో చురుకైన కుర్రాడు, సిద్ధాంతం ఒప్పుకోని ఆ ఒక్క అక్షరాన్ని పేజీ అడుక్కి తోసేశాడు. ఈ పనిలో నేను చూసిన ప్రతి పెద్ద పొరపాటూ అలాంటి ఫుట్‌నోట్‌లోనే కాలు ముడుచుకుని కూర్చుని ఉండేది.

సోమవారం ఇద్దరం ఆ ఎస్ ముందు భూతద్దంతో కూర్చున్నాం. వైద్యుడు కుడిచేత్తో గిన్నె ఇస్తున్నాడు. వెనక కావలివాడి కత్తి ఎడమ తుంటికుంది. చీపురు పట్టుకున్న మనిషి కూడా సరిగ్గానే పట్టుకుంది. అంటే ఇది చూసి దించినది కాదు. ఈ ఒక్కదాన్ని చెక్కినవారు సొంతంగా ఆలోచించి, అంతా తిప్పి, శ్రద్ధగా గీశారు.

"ఇదొక్కటే వాళ్ళ సొంత ఊరు" అన్నాను.

ప్రణవ్ భూతద్దాన్ని మూలకు జరిపాడు. ఎస్ తోక కింద, కిటికీ పక్కన, గోరంత మనిషి. బల్ల మీదికి వంగి ఉంది. ముందు చిన్న దిండు, దిండు మీద రేకు. మగో ఆడో చెప్పలేం, తల మీద టోపీ.

"ఆంటీ. ఏ చేయి?"

ఎడమచేయి. అందరూ కుడిచేతి వాళ్ళయిన గదిలో, ఒక్క మనిషి ఎడమచేత్తో ఉలి పట్టుకుని చెక్కుతోంది.

నేను ఎన్నో కథలు చెప్పాను గాని, ఆ గదిలో ఆ క్షణాన నాకు ఒక్క కథా తట్టలేదు.

ఇయాన్ అడిగిన ప్రశ్న

ప్రసంగం రోజు నేను వెనక వరసలో కూర్చున్నాను. ప్రణవ్ మొదలుపెట్టడమే ఇలా మొదలుపెట్టాడు: "నిన్న మొన్నటి దాకా ఈ పుస్తకం గురించి నా దగ్గర చాలా అందమైన సిద్ధాంతం ఉండేది. ముందు అది చెబుతాను. తరవాత అదెందుకు తప్పో చెబుతాను."

చెప్పాడు. ఎడమచేతి వైద్యుణ్ణి చూపించాడు. కమిటీ తలలూపింది, నచ్చింది వాళ్ళకు. తరవాత ఫిడేలు వాడిని, కావలివాడిని, ఆ తరవాత మా అత్తగారిని చూపించాడు. మానవ వనరులావిడ పకపకా నవ్వింది. మార్గరెట్ వెనక్కి తిరిగి నా వైపు చూసి, "ఇది నీ కథల్లో ఒకటి కాదు కదా?" అని పెదాలతోనే అడిగింది. కాదని తలూపాను. నమ్మలేదు. ప్రణవ్ పాస్తా మెషిన్ ఫొటో వేశాక నమ్మింది.

చివర్న ఎస్ వచ్చింది. తెర మీద ఆ గోరంత మనిషి ఏనుగంత అయింది.

ఇయాన్ కళ్ళజోడు సవరించుకున్నాడు. "చాలా ఆసక్తికరంగా ఉంది" అన్నాడు. "కానీ ఈ ఎస్ కూడా నకలేమో. ముందే తిరగబడిన నమూనా నుంచి దించితే మళ్ళీ సరిగ్గా వస్తుంది. అప్పుడు ఇది సొంత బొమ్మ అని మీరెలా అంటారు?"

వారం కిందటైతే ప్రణవ్ తన కథను కాపాడుకోవడానికి కలియబడేవాడు.

"అనలేను. అయ్యుండొచ్చు" అన్నాడు ఇంగ్లీషులో, నెమ్మదిగా. "ఆ నమూనా నాకు దొరకలేదు. కానీ ఎన్నిసార్లు తిప్పినా ఒకటి మారదు. గదిలో అందరూ ఒక చెయ్యి వాడుతున్నారు, ఈ మనిషి రెండో చెయ్యి వాడుతోంది."

ఇయాన్ పెన్నుతో తెర వైపు చూపించాడు. "సరే. మరి ఆ ఎడమచేయి దేనికి ప్రతీక అంటారు?"

దెయ్యానికి, తిరుగుబాటుకి, అవమానానికి, ఏది చెప్పినా పుస్తకాల్లో ఆధారం దొరుకుతుంది. అడిగినవాడు కూడా అలాంటిదేదో ఆశిస్తున్నాడు.

"దేనికీ కాదు" అన్నాడు ప్రణవ్. "ఆ మనిషిది ఎడమచేతి వాటం." మళ్ళీ తెర వైపు తిరిగి, "నాలాగే" అన్నాడు. అప్పుడు గమనించాను, తెరను చూపించే పాయింటర్ అతని ఎడమచేతిలో ఉంది. మొదటి నుంచీ అక్కడే ఉంది.

ఇయాన్ నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. మార్గరెట్ తన కాగితం మీద ఏదో చిన్న ముక్క రాసుకుని పెన్ను మూత పెట్టేసింది. ఆమె పెన్ను మూత పెట్టిందంటే ఇంక మాట్లాడేది లేదని మా విభాగంలో అందరికీ తెలుసు.

చివరగా

పోస్టు ప్రణవ్‌కే వచ్చింది. పీఆర్ కూడా వచ్చింది. నేను కాస్త ముందుగానే రిటైరయ్యాను, నా కుర్చీకి ఎడమ పక్కనుండే దీపాన్ని అతను కుడి పక్కకు మార్చుకున్నాడని విన్నాను. ఆ గోరంత మనిషి ఎవరో ఇంకా తెలియదు. వెతుకుతున్నాడు. దొరక్కపోతే పుస్తకం ఏమీ అనుకోదు.

నా వీడ్కోలు పార్టీ విభాగం వెనకున్న చిన్న వంటగదిలో జరిగింది. మార్గరెట్ కేకు తెచ్చింది, పైన క్రీముతో మేక, చేతిలో ఫిడేలు. ప్రణవ్ ఒక ముక్క కోసి కాగితపు ప్లేటులో పెట్టి నాకు అందించాడు. ఎడమచేత్తో. ఇచ్చాక కూడా తప్పు చేసినవాడిలా చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

నేను అందుకున్నాను. పక్కనున్న మా ఆయన నా చెవి దగ్గరికి వంగి, "ఇదుగో, దీనికి అర్థమేంటి?" అన్నారు.

"కేకు" అన్నాను.